తిరుపతి ఎథిక్స్ కమిటీల పెద్దలకు, మింగలేనివాళ్ల తరఫున ఒక బహిరంగ లేఖ

మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకు అనుమతిచ్చే తిరుపతి ఆసుపత్రుల ఎథిక్స్ కమిటీల్లో కూర్చునే పెద్దలందరికీ నమస్కారం. మీలో డాక్టర్లుంటారు, లాయర్లుంటారు, మామూలు జనం తరఫున మాట్లాడటానికి ఒకరిని తప్పకుండా పెట్టాలని రూల్ కూడా ఉంది. ఈ ఉత్తరం అందరికీ రాస్తున్నా గానీ, ఆ ఒక్కరు మాత్రం రెండుసార్లు చదవాలని నా కోరిక.

విషయం నేరుగా చెప్తాను. అన్నవాహిక జబ్బులు కనిపెట్టడానికి కొత్త కొత్త పరికరాలు వస్తున్నాయి. ఇవాళ కాకపోతే రేపు, వాటిని మన జనం మీద పరీక్షిస్తామని ఎవరో ఒకరు మీ ముందుకు ఫైలు పట్టుకొస్తారు. రాయలసీమ నలుమూలల నుంచీ, అటు నెల్లూరు వైపు నుంచీ పేషెంట్లు దిగే ఊరు ఇది, పక్కనే ఏర్పేడులో ఐఐటీ ఉంది, కాబట్టి ఆ ఫైలు రావడంలో ఆశ్చర్యం ఏమీ ఉండదు. వద్దనడానికి రాయడం లేదు. రావాలి, తొందరగా రావాలి. కాకపోతే మా గొంతులో పెట్టి చూసే పరికరం చివరికి మాకు పనికొచ్చేట్టు పరీక్షించండి. నేను అడిగేది అదొక్కటే, మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

మాది పలమనేరు దగ్గర పల్లె. మా ఆయనకు అకలేషియా. తెలియనివాళ్ల కోసం చెప్తాను: మనం మింగిన ముద్ద కిందికి దిగాలంటే అన్నవాహిక కండరాలు పైనుంచి వరసగా నొక్కుకుంటూ రావాలి, అడుగున పొట్ట మొదట్లో ఉండే బిగువు సరిగ్గా ఆ టైముకి వదులవ్వాలి. ఈ జబ్బులో ఆ నొక్కుడు ఆగిపోతుంది, ఆ బిగువు వదలదు. తిన్నది గుండెల దగ్గర నిలబడిపోతుంది, రాత్రి పడుకుంటే నోట్లోకి వస్తుంది, దగ్గు మొదలవుతుంది. ఏడాదికి లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు అంటారు. అరుదైనది కాబట్టి ఎవరికీ మొదట తట్టదు.

మా ఆయన విషయంలోనూ ఎవరికీ తట్టలేదు. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు, దగ్గు చూసి టీబీ పరీక్ష చేయించారు. ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునే మాత్రలే. మనిషి చిక్కిపోతూ ఉంటే ఒక ఆసుపత్రిలో స్కోపు, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం వేసి, లోపల ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోమనండి అని పంపించేశారు. తర్వాత తెలిసింది, ఈ జబ్బు మొదట్లో స్కోపుకి దొరకకపోవడం మామూలేనట. లోపలి పొర బాగానే ఉంటుంది, పాడయింది కదలిక. ఆ కదలికను కొలిచే పరీక్ష మానోమెట్రీ. చివరికి రాయవేలూరు పోతే అక్కడ చేశారు, అక్కడే బయటపడింది.

ఆ మానోమెట్రీ ఎట్లుంటుందో మీలో డాక్టర్లు కానివాళ్లు ఒకసారి తెలుసుకోవాలి. ముక్కులో మొద్దుబారే జెల్ రాస్తారు. పెన్సిల్ కంటే సన్నటి గొట్టం, దాని పొడవునా సెన్సార్లు, ముక్కులోంచి పొట్ట దాకా దింపుతారు. మత్తు ఇవ్వరు, ఎందుకంటే మనిషి మెలకువగా మింగాలి. గొట్టం జారకుండా ముక్కు మీద ప్లాస్టర్ వేస్తారు. టెక్నీషియన్ సిరంజితో నోట్లో కొంచెం నీళ్లు పోసి మింగమంటాడు, ఆ తర్వాత అరనిమిషం దాకా గుటక వేయొద్దంటాడు. గొంతులో గొట్టం ఉన్న మనిషికి గుటక వేయకుండా ఉండటం ఎంత కష్టమో మా ఆయన కళ్లలో నీళ్లు చూస్తే తెలిసింది. మళ్లీ నీళ్లు, మళ్లీ గుటక. స్క్రీన్ మీద ఎరుపూ నీలం రంగుల్లో ఆ ఒత్తిడి కనిపిస్తూ ఉంటుంది. ఆ పరీక్ష మమ్మల్ని బతికించింది, దాన్ని తప్పుపట్టను. కానీ మా ఆయన బయటికొచ్చాక అడిగిన మొదటి మాట ఇది: "నాకు నీళ్లు దిగుతాయి గదా, సంగటి దిగదు. మరి నీళ్లతో చూస్తారెందుకు?"

ఆ ప్రశ్న మీ ముందు పెడుతున్నా. మా వైపు రాగి సంగటి నమలరు, ముద్ద చేసి ఊరిబిండిలోనో పులుసులోనో అద్ది మింగుతారు. అన్నవాహికకు అంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. మానోమెట్రీ ఫలితాలు ఎట్లా చదవాలో చెప్పే షికాగో వర్గీకరణ అని ఒకటుంది, 2021లో నాలుగో వెర్షన్ వచ్చింది. అందులోనే అవసరమైతే కూర్చోబెట్టి మింగించమనీ, ఒకేసారి 200 మిల్లీలీటర్ల నీళ్లు తాగించి చూడమనీ, గట్టి ఆహారంతో కూడా చూడొచ్చనీ ఉంది. అంటే దారి ఉంది. ఇక్కడ కొత్త పరికరం పరీక్షిస్తే ఆ గట్టి ఆహారం మా కంచంలోదే కావాలి, బ్రెడ్డు ముక్క కాదు. ఇంకో సంగతి: అడుగు బిగువు ఎంత వదులవ్వాలి అనే అంకె కూడా కంపెనీని బట్టి మారుతుంది. ఒక కంపెనీ గొట్టానికి అక్కడి ఒత్తిడి 15 మిల్లీమీటర్ల పాదరసం దాటితే తేడా అంటారు, ఇంకో కంపెనీదానికి 22. గొట్టం మారితేనే అంకె మారినప్పుడు, మనిషి, తిండి, కూర్చునే తీరు మారితే మారదని ఎట్లా అనుకుంటాం? కొత్త పరికరం తెచ్చేవాళ్లని ముందుగా ఇక్కడి ఆరోగ్యవంతుల కొలతలు తీయమనండి. బయటి దేశం అంకె పక్కన మా ఆయన అంకె పెట్టి జబ్బు ఉంది లేదు అని తేల్చకూడదు.

మా వదిన సంగతి వేరే. ఆమెకు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, విడవని దగ్గు. ఆమెకు 24 గంటల యాసిడ్ పరీక్ష పెట్టారు. ముక్కులోంచి సన్నటి వైరు, దాని కొస నడుముకు కట్టిన చిన్న డబ్బాకి. తినేటప్పుడు ఒక బటన్, పడుకునేటప్పుడు ఒకటి, మంట వస్తే ఇంకొకటి నొక్కాలి, టైము కాగితం మీద రాయాలి. బటన్ల మీద ఇంగ్లీషు, కాగితం మీద ఇంగ్లీషు. మా వదిన ఏడో తరగతి దాకా చదివింది, తెలుగులో అయితే చక్కగా రాసేది. ముక్కులో వైరుతో బస్సెక్కితే అందరూ చూస్తారని ఆ రోజు బయటికే పోలేదు, రోజూ తినే కారం తినలేదు, పెరుగన్నంతో సరిపెట్టింది, పని కూడా చేయలేదు. రిపోర్టులో యాసిడ్ టైము, అంటే అన్నవాహికలో యాసిడ్ ఉన్న సమయం, 6 శాతం దాటితే జబ్బు ఉన్నట్టు, 4 లోపు ఉంటే లేనట్టు అని ఇప్పటి డాక్టర్ల ఒప్పందం. ఆమెది మధ్యలో తేలింది. ఆమె మామూలుగా బతకని రోజును కొలిచి, ఆమె గురించి తేల్చలేమన్నారు. అందుకే అన్నవాహిక గోడకు అతికించే వైర్‌లెస్ క్యాప్సూల్ లాంటివి నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తాయి, అది నాలుగు రోజుల దాకా కొలుస్తుంది, ముక్కులో ఏమీ ఉండదు, తర్వాత అదే ఊడి బయటికి పోతుంది. అట్లాంటి పరికరం ఏది పరీక్షకు వచ్చినా, మీరు ఒకటి అడగాలి: దీన్ని పెట్టుకున్న మనిషి ఆ రోజు మామూలుగా తిన్నాడా, పనికి పోయాడా, అది కూడా లెక్క రాస్తున్నారా? బటన్లు తెలుగులో ఉన్నాయా, చదవనివాళ్లకు బొమ్మలున్నాయా?

ఇప్పుడు కొత్తవాటి గురించి. ఎండోఫ్లిప్ అని ఒకటుంది, ఐర్లండులో గాల్వే ఊరి కంపెనీ తయారుచేసింది. స్కోపు కోసం మత్తు ఇచ్చినప్పుడే ఒక బెలూన్ దింపి ఉప్పునీటితో నింపుతూ, ఆ అడుగు బిగువు ఎంత సాగుతుందో కొలుస్తారు. అంటే మెలకువలో ముక్కులో గొట్టం లేకుండానే చాలావరకు తెలుస్తుంది. స్కోపు చేసిన రోజే మా ఆయనకు ఇది చేసి ఉంటే ఏమీ లేదని ఇంటికి పంపేవాళ్లు కాదు. అన్నవాహిక లోపలి గోడకు తగిలించి కరెంటు నిరోధం కొలిచి, యాసిడ్ వల్ల పొర దెబ్బతిందో లేదో అప్పటికప్పుడే చెప్పే పరికరాలు కూడా వచ్చాయి. అలర్జీ కణాలు చేరి అన్నవాహిక బిగుసుకుపోయే జబ్బుకి, పిల్లలకు మాటిమాటికీ మత్తిచ్చి స్కోపు వేయకుండా, దారం మింగించి ఆ దారానికి అంటిన తడిని పరీక్షించే పద్ధతి అమెరికాలో వచ్చింది.

వీటన్నిటిలో ఎక్కువ పేరు వచ్చింది కేంబ్రిడ్జిలో రెబెకా ఫిట్జెరాల్డ్ బృందం చేసిన సైటోస్పాంజ్‌కి. దారానికి కట్టిన మాత్ర మింగిస్తారు, కొన్ని నిమిషాల్లో పొట్టలో పైతొడుగు కరిగి లోపలి స్పాంజి విచ్చుకుంటుంది, దాన్ని దారంతో పైకి లాగితే అన్నవాహిక పొడవునా కణాలు అంటుకొస్తాయి. ఇంగ్లండులో 109 క్లినిక్కుల్లో, 13 వేలకు పైగా మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. ఆ పరీక్ష ఇవ్వజూపిన వర్గంలో బారెట్స్ అనే, క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పు 140 మందిలో దొరికింది, మామూలు పద్ధతిలో వదిలేసిన వర్గంలో 13 మందిలోనే. చాలా పెద్ద తేడా. ఆ ట్రయల్‌లో నాకు ఇంకా నచ్చింది వాళ్లు కష్టాలు కూడా దాచకుండా రాయడం: ప్రయత్నించిన 1,750 మందిలో 1,654 మంది మింగి శాంపిల్ ఇవ్వగలిగారు, కొందరికి గొంతు నొప్పి వచ్చింది, ఒకరికి స్పాంజి దారం నుంచి ఊడిపోతే స్కోపుతో తీశారు. మీ ముందుకొచ్చే ఫైలులో ఈ మాదిరి లెక్క ఉండాలి. మింగలేకపోయినవాళ్లనీ, మధ్యలో వద్దన్నవాళ్లనీ లెక్కలోంచి తీసేసి మిగిలినవాళ్లతో పరికరం బ్రహ్మాండం అంటే ఒప్పుకోవద్దు. మేమే ఆ మింగలేనివాళ్లం.

అయితే ఆ స్పాంజి ఇక్కడికి వస్తే మొదట అడగాల్సింది, ఏ జబ్బు కోసం అని. బారెట్స్, దాని నుంచి వచ్చే క్యాన్సర్ పడమటి దేశాల్లో ఎక్కువ. మన దగ్గర అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువ భాగం స్క్వామస్ రకం, అంటే లోపలి పొర చదును కణాల్లో పుట్టేది, దానికి పొగాకు, వక్క, మద్యం తోడవుతాయి. స్పాంజి పద్ధతిని స్క్వామస్ రకం ముందస్తు మార్పుల కోసం ఇరాన్‌లో, చైనాలో చూశారు. మనకు కావాల్సింది ఆ దారి. స్పాంజికి అంటిన కణాల మీద బారెట్స్ కోసం తయారైన రసాయన పరీక్షనే యథాతథంగా తెచ్చి ఇక్కడ తక్కువ మందిలో దొరికింది, కాబట్టి ఇక్కడ పరికరం అక్కర్లేదు అని తేలిస్తే అన్యాయం. ఇంకోటి, ఇప్పటికే మింగడం కష్టమైనవాళ్లకు, యాసిడ్ తాగి అన్నవాహిక సన్నబడ్డవాళ్లకు, కాలేయం పాడై అక్కడ రక్తనాళాలు ఉబ్బినవాళ్లకు ఈ దారం మాత్ర సరిపడదు. మన ఊళ్లలో తాగుడు సంగతి మీకు తెలుసు. ఆ ఉబ్బిన నాళాలు ఉన్నాయో లేవో ముందుగా చూడకుండా మాత్ర మింగించే ట్రయల్‌కి సంతకం పెట్టొద్దు. మాత్ర పైతొడుగు దేనితో చేశారో కూడా రాయించండి. మామూలుగా ఇట్లాంటి తొడుగులకు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ వాడతారు. ఇది తిరుపతి, మాంసం ముట్టనివాళ్లు, దీక్షలో ఉన్నవాళ్లు ఎంతోమంది. వాళ్లకు మింగిన తర్వాత కాదు తెలియాల్సింది.

పరీక్ష పెట్టే తీరు గురించి, నేను చదివి అర్థం చేసుకున్నంతలో, ఒక ముఖ్యమైన మాట. కొత్త పరికరం ఎంత బాగా పట్టుకుంటుందో చూపించడానికి సులువైన పద్ధతి ఒకటుంది: జబ్బు బాగా ముదిరిన కొందరినీ, ఏ బాధా లేని కాలేజీ పిల్లలనూ తెచ్చి ఇద్దరినీ వేరు చేసి చూపించడం. అట్లా చేస్తే ఏ పరికరమైనా మంచి మార్కులు తెచ్చుకుంటుంది. మా ఆయన తొలిరోజుల్లో ఎట్లుండేవారు? కొంచెం పట్టేసినట్టు, మంచినీళ్లు తాగితే దిగినట్టు, స్కోపు మామూలు. పరికరం తేల్చాల్సింది ఆ మనిషిని. కాబట్టి ఓపీకి మింగుడు సమస్యతో వరసగా వచ్చేవాళ్లందరినీ అడిగి చేర్చుకోమనండి. పరికరం రిపోర్టు చదివే మనిషికి స్కోపు, మానోమెట్రీ ఫలితం తెలియకూడదు, తెలిస్తే కన్ను అటే పోతుంది. ఇవన్నీ డాక్టర్లకు తెలిసినవే, కొత్తగా నేను చెప్పేదేం లేదు, కానీ కమిటీలో ఉన్న డాక్టరు కాని మనిషి కూడా ఇవి అడగొచ్చు.

సంతకాల విషయంలో నాకు భయం ఉంది, చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో, అప్పుడు మనమంతా ఒకే రాష్ట్రం, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు నడిపారు. చాలామంది పిల్లల తరఫున తల్లిదండ్రులు కాకుండా హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారని తర్వాత బయటపడింది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదనే విచారణ కమిటీ చెప్పింది, టీకా కూడా మంచిదే. అయినా ఆ సంతకాల వల్ల ఎన్ని ఇళ్లలో మంచి టీకా మీద నమ్మకం పోయిందో చూశాం. మంచి పరికరానికి అదే గతి పట్టకూడదు. పేజీల కొద్దీ ఫారం ఓపీ క్యూలో నిలబడ్డ మనిషి చేతిలో పెట్టి సంతకం పెట్టమంటే మా పల్లెల్లో పెట్టేస్తారు, డాక్టరు చెప్పాక కాదనరు. అందుకే ఫారం ఇంటికి ఇచ్చి పంపండి. మర్నాడో వారానికో రానివ్వండి. వద్దంటే మామూలు వైద్యం ఏమాత్రం తగ్గదని డాక్టరు కాకుండా వేరే మనిషి చెప్పాలి.

2017 మెడికల్ డివైసెస్ రూల్స్, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి, వాటి ప్రకారం ఇట్లాంటి పరిశోధనలో మనిషికి దెబ్బ తగిలితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎవరిని అడగాలి, ఏ నంబరుకి ఫోన్ చేయాలి, రాత్రి పూట ఎవరు ఎత్తుతారు, ఇది ఫారం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. దారం ఊడిన మనిషి రాత్రి కుప్పంలో ఉంటే ఏం చేయాలి? ట్రయల్‌ను దేశవ్యాప్త ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 జూన్ నుంచి తప్పనిసరి, బాగుంది, కానీ అది ఇంగ్లీషులో ఇంటర్నెట్‌లో ఉంటుంది. దాని సారాంశం తెలుగులో, ఓపీ గోడ మీద అతికించమనండి.

ఫలితం గురించి. మా ఆయన తన పరీక్ష రిపోర్టు చేతికి తీసుకోవడానికే చాలా తిరగాల్సి వచ్చింది. ట్రయల్‌లో చేరిన మనిషికి తనలో ఏం కనిపించిందో చెప్పాలి. పరికరం ఇంకా నిరూపణ కాలేదు కాబట్టి చెప్పకూడదు అంటే, కనీసం మామూలు పరీక్షలో ఏం తేలిందో తెలుగులో, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పండి. అకలేషియాలో రకాలున్నాయి, రకాన్ని బట్టి వైద్యం మారుతుంది. బెలూన్‌తో సాగదీయడం, ఆపరేషన్, లేదా 2008లో జపాన్‌లో ఇనోవే మొదలుపెట్టిన పోయెమ్, అంటే స్కోపుతోనే కండరం కోసే పద్ధతి. అది ఇప్పుడు మన హైదరాబాద్‌లోనూ చాలా చేస్తున్నారు. అంటే జబ్బు పేరు తెలిస్తే దారి ఉంది. ట్రయల్ కోసం జబ్బు కనిపెట్టి, వైద్యం దగ్గరికి వచ్చేసరికి మీరే చూసుకోండి అనడం కుదరదు. వైద్యానికి ఎక్కడికి పంపుతారో ఫైలులో ముందే రాయమనండి.

డబ్బుల సంగతి క్లుప్తంగా చెప్తాను. మళ్లీ మళ్లీ రమ్మంటారు, ప్రతిసారీ బస్సు చార్జీ, తోడు వచ్చిన మనిషి కూలి పోతాయి. అవి ఇవ్వండి, ఇద్దరివీ ఇవ్వండి. మామిడికాయలు కోసే రోజుల్లో చెకప్ పెడితే తోటల్లో పనిచేసేవాళ్లు రారు, పాలవాళ్లు పొద్దున పది లోపు రాలేరు. వాళ్లు రాకపోతే ఫాలోఅప్‌కి రాలేదని రాసుకుంటారు. తేదీలు పెట్టే ముందు వాళ్లనే అడిగితే పోతుంది. ట్రయల్ అయ్యాక ఆ పరికరం ఈ జిల్లాలో ఏదైనా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటుందా, ఎంతకు చేస్తారు, ఈ ప్రశ్న కూడా కంపెనీని మొదటి రోజే అడగండి. మా గొంతుల్లో నిరూపించుకుని బెంగళూరులో, చెన్నైలో మాత్రమే దొరికితే మాకేం లాభం?

మేము ముందుకొస్తాం. మా ఆయన ఇప్పుడే అంటున్నారు, కొత్తది ఏదైనా వస్తే నన్ను పిలవమను అని. వదిన కూడా వస్తుంది, తెలుగు బటన్లయితే. మీరు ఒక్కటి చేయండి: అన్నవాహిక పరికరం ఏదైనా ఫైలుగా వచ్చిన నాడు, సంతకానికి ముందు, ఈ జబ్బులున్నవాళ్లని ఓ పదిమందిని పిలిపించి, ఆ ఫారం వాళ్లెదుట తెలుగులో గట్టిగా చదివించండి, ఎక్కడ అర్థం కాలేదో వాళ్లచేతే చెప్పించండి. మధ్యాహ్నం పెట్టండి, కుప్పం నుంచి పొద్దున బస్సెక్కినవాళ్లు అందుకుంటారు. భోజనం ఏర్పాటు చేసేట్టయితే కొంచెం పలుచగా చేయించండి, నీళ్లు ఎక్కువ పెట్టండి, తినడానికి మాకు టైము ఎక్కువ పడుతుంది.

ఇట్లు,
పలమనేరు వైపు నుంచి ఒక పేషెంటు భార్య